రోటి నుంచి మరకు: తెలుగింటి బియ్యం చరిత్ర

తెలుగువారి వంట చరిత్రను రాసినవారు సాధారణంగా పొయ్యి దగ్గర మొదలుపెట్టి విస్తరి దగ్గర ముగిస్తారు. ఏ కాలంలో ఏ కూరలు తిన్నారు, ఏ ప్రభువు పంక్తిలో ఎన్ని పిండివంటలు వడ్డించారు అన్న వివరాలకు కావ్యాల్లో ఆధారాలు పుష్కలంగా ఉండటమే అందుకు కారణం. అయితే ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల వరకు ఇంటి ఆడవారి పొద్దును, కండబలాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తీసుకున్నది పొయ్యి వెలిగించడానికి ముందు జరగవలసిన పని, అంటే పొట్టుతో ఇల్లు చేరిన గింజను దంచి, చెరిగి, ఎసట్లో పోయడానికి తగినట్టు చేసే పని. ఆ పని ఇల్లు విడిచి యంత్రం పాలైనప్పుడు తినేవారి ఒంట్లో వచ్చిన మార్పు ఎంత పెద్దదంటే, దాని ముందు కట్టెల పొయ్యి పోయి గ్యాసు రావడం కూడా చిన్న సంగతిగానే కనిపిస్తుంది.

దంపుకు కావలసిన సామగ్రి కొద్దిపాటిదే. రోలు అంటే నడుమ గుంట తొలిచిన రాయి; మన్యం ఊళ్ళలో చెట్టు మొద్దును తొలిచి చేసిన కొయ్య రోళ్ళూ ఉండేవి. రోకలి నిలువెత్తు గట్టి కర్ర. దెబ్బకు కొస చీలిపోకుండా దానికి ‘పొన్ను’ అనే ఇనుప కట్టు బిగిస్తారు. గింజలు చెదరకుండా రోటి మూతి మీద నిలిపే గుండ్రటి అడ్డును కుందెన అంటారు. వీటికి తోడు చెరగడానికి చేట, నూకను వేరు చేయడానికి జల్లెడ. ఒడిశా, బెంగాల్ ప్రాంతాల్లో కాలితో తొక్కే ఢెంకి ఈ పనికి వాడుకలో ఉండగా తెలుగు నేల మీద చేతి రోకలే ప్రధాన సాధనంగా నిలిచింది. ఎండిన వడ్లను రోట్లో పోసి దంచితే మొదట పై పొట్టు ఊడుతుంది. చెరిగి ఆ ఊకను తీసేస్తే మిగిలేది ముడిబియ్యం, అంటే గింజను అంటుకుని ఉన్న పలుచని రంగుపొర ఇంకా పోని బియ్యం. దాన్ని మళ్ళీ దంచితే ఆ పొర పొడిగా రాలి తవుడవుతుంది, విరిగిన గింజలు నూకలవుతాయి. వడ్ల బరువులో సుమారు అయిదో వంతు ఊకగా, పదో వంతుకు లోపు తవుడుగా పోతాయి. తవుడు ఎంత పోవాలి, ఎంత మిగలాలి అన్నది దంచే మనిషి చేతిలో, ఆ పూట ఆమెకు మిగిలిన ఓపికలో ఉండేది. ఎంత ఒళ్ళు వంచి దంచినా గింజ మీది పొర పూర్తిగా పోవడం అరుదు గనుక, దంపుడు బియ్యంలో కొంత తవుడు మిగిలే ఉండేది.

గింజను రాతితో నలిపి తినడం ఈ నేలకు నాలుగు వేల ఏళ్ళకు పైబడిన అలవాటు. బళ్ళారి దగ్గరి సంగనకల్లు, ఆ చుట్టుపక్కల దక్కన్ నవీన శిలాయుగపు స్థలాల్లో నూరుడు రాళ్ళు దొరికాయి, అక్కడి మట్టిలో మాడి నిలిచిన గింజల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నట్టు పురావృక్ష పరిశోధకులు తేల్చారు. ఆనాటి రాయి ముందుకూ వెనక్కూ రుద్దే పల్లపు బండ; రెండు రాళ్ళ నడుమ గింజ పోసి పై రాతిని గుండ్రంగా తిప్పే తిరగలి చాలా తర్వాత, చారిత్రక యుగం ఆరంభ శతాబ్దాల నాటికి గానీ దక్కన్‌లో కనిపించదు. వరి ఈ రెంటిలో దేనికీ లొంగే గింజ కాదు, ఎందుకంటే దాన్ని పిండి చేయకుండా పొట్టు మాత్రమే ఊడగొట్టాలి. అందుకే వరి పండిన చోటల్లా రోలూ రోకలీ ఉన్నాయి.

సాహిత్యంలో ఈ శ్రమ జాడ పలుచగా ఉంటుంది. కాకతీయుల ఓరుగల్లును చూపించే క్రీడాభిరామంలో ఒక రూకకు పూటకూళ్ళ ఇంట ఏమేమి వడ్డిస్తారో నోరూరేట్టు ఉంటుంది గానీ ఆ అన్నపు బియ్యం ఎవరు దంచారన్నది లేదు; కావ్యాల నుంచే తెలుగువారి జీవితాన్ని ఏరి కూర్చిన సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వంటి గొప్ప గ్రంథంలో కూడా తిండి కనిపించినంతగా దంపు కనిపించకపోవడానికి ఆధారాల్లోని ఈ లోటే కారణమనుకోవాలి. ఆ లోటును పాట కొంత పూడుస్తుంది. రోకలి ఎత్తి వేసేటప్పుడు ఊపిరి విడిచే చప్పుడే ‘సువ్వి’ అనే పల్లవిగా మారి దంపుళ్ళ పాటలు పుట్టాయి. ఇద్దరు ముగ్గురు ఒకే రోట్లో వంతులవారీగా పోటు వేసేటప్పుడు రోకళ్ళు ఒకదానికొకటి తగలకుండా చూసేది ఆ లయే, కాబట్టి పాట ఇక్కడ వినోదం కన్నా ముందు పనిముట్టు. పదిహేనో శతాబ్దంలో తాళ్ళపాక అన్నమాచార్యుడు ఈ వరుసను తీసుకుని వేంకటేశ్వరుడి మీద సువ్వి పాటలు కట్టాడంటే అప్పటికే అది ఇంటింటా పాతుకుపోయి ఉండాలి. 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద పరిశోధన చేసే నాటికి ఈ పాటలు పాడేవారు ఇంకా ఉన్నారు, అయితే వాటికి ఆసరాగా నిలిచిన పని అప్పటికే జారిపోతూ ఉంది.

దంపు ఏరోజుకారోజు లేదా కొద్ది రోజులకొకసారి ఎందుకు జరిగేదన్నది అడగవలసిన ప్రశ్న. తవుడులో నూనె ఉంటుంది. తవుడు పొర ఉన్న బియ్యం కొద్ది వారాలకే ముక్కవాసన కొడుతుంది, పురుగు పడుతుంది. పొట్టుతో ఉన్న వడ్లు మాత్రం ఏడాదికి పైగా నిలుస్తాయి. అందువల్ల కోస్తా రైతు వడ్లను గడ్డివెంటి చుట్టి కట్టిన పురిలోనో, వెదురుతో అల్లి పేడతో అలికిన గాదెలోనో దాచి, కావలసినన్ని మాత్రమే తీసి దంపించేవాడు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ జొన్నలు దాచడానికి నేలలో తవ్విన గొయ్యిని పాతర అన్నారు. అంటే ధాన్యం నిలవ, దంపు, వంట ఒకే గొలుసులోని లంకెలు. దంపులో వచ్చే ప్రతి ముక్కకూ ఇంట్లో ఒక చోటు ఉండేది: ఊక పొయ్యిలోకి, ఇటుకల బట్టీలోకి; తవుడు పాడిపశువు కుడితిలోకి; నూకలు కూలివాళ్ళ ఇళ్ళకు, ఉప్మాకు, జావకు. చిన్న రైతు ఇంట ఆడవారే దంచుకునేవారు, కలిగిన ఇంట కూలి స్త్రీలు వచ్చేవారు. వారికి ముట్టేది చాలాచోట్ల డబ్బు కాదు, గింజా నూకా తవుడూ. మగదిక్కు లేని ఆడవారికి ఏడాది పొడుగునా దొరికే పని ఇదొక్కటే అయిన పల్లెలు తక్కువేమీ కావు. దంపు భారమని ఎంత నిజంగా చెప్పవచ్చునో, దంపే కొందరికి కూడు అనీ అంతే నిజంగా చెప్పవలసి ఉంటుంది.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాల్లో వరి సాగు విస్తరించి, ఇంటి అవసరానికి మించిన ధాన్యం ఎగుమతి సరుకైంది. ఊళ్ళూ రేవులూ దాటి పోవలసిన బియ్యానికి నిలవగుణం కావాలి, పడవల కొద్దీ వడ్లను దంచేటన్ని రోకళ్ళు ఎక్కడా లేవు. ఈ రెండు కారణాలూ కలిసి పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట ఆవిరితోనూ తర్వాత నూనె ఇంజన్లతోనూ నడిచే బియ్యం మరలను డెల్టా పట్నాలకు తెచ్చాయి. పెద్ద మరలతో పాటు పల్లెల దాకా చేరిన చిన్న యంత్రం హల్లర్. ఎంగెల్‌బర్గ్ పేరుతో అమెరికాలోని సిరక్యూస్‌లో తయారై ప్రపంచమంతటా నమూనాగా మారిన ఈ యంత్రంలో గాడులున్న ఇనుప స్తంభం ఒక గొట్టంలో తిరుగుతూ గింజలను ఒకదానితో ఒకటి ఒరిపిస్తుంది. పొట్టూ తవుడు పొరా ఒకే దెబ్బకు ఊడిపోతాయి. రోట్లో రెండు అంచెలుగా, మధ్యలో ఆగి చూసుకునే వీలుతో జరిగిన పని ఇక్కడ ఒక్క అంచెలో ముగుస్తుంది. ఊకా తవుడూ కలగలిసిపోవడంతో ఆ తవుడు మనిషి తినడానికి పనికిరాదు, పశువుకూ నాసిరకం మేతే. గింజ మాత్రం మల్లెపువ్వులా తెల్లగా వస్తుంది.

ఆ తెలుపును మర కనిపెట్టిందనడం సరికాదు. తెల్లన్నం కలిమికి గుర్తన్న భావన మరలకు ముందే ఉంది. దంచడానికి మనుషులను పెట్టుకోగలిగిన ఇళ్ళు ఇంకా ఇంకా దంపించుకునేవి. మర చేసిందల్లా కలిగినవారి తెలుపును చవకగా అందరి కంచంలోకి తేవడం. దాని ఫలితం సర్కారు జిల్లాల్లో, అంటే గుంటూరు మొదలు గంజాం వరకు సాగిన కోస్తాలో, బెరిబెరి అనే జబ్బుగా బయటపడింది. కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చుబడటం, ఒళ్ళు నీరు పట్టడం, గుండె అలిసి ఆగిపోవడం దీని లక్షణాలు. ఈ తీరానికి ఆ పేరు కొత్త కాదు: మద్రాసు వైద్య సేవలోని జాన్ గ్రాంట్ మాల్కమ్సన్ 1835లోనే ఉత్తర సర్కారుల సిపాయిల్లో కనిపించే బెరిబెరి మీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. మరలు రాకముందే జబ్బు ఉందన్న ఈ సాక్ష్యాన్ని పక్కన పెట్టి అంతా యంత్రం మీదికి నెట్టడం చరిత్రకు న్యాయం కాదు. ఒకే రకం తిండి మీద బతికిన సైనికులకూ ఖైదీలకూ పరిమితంగా ఉండిన ముప్పును మర ఊళ్ళకు పంచిందనడం మాత్రం ఆధారాలకు నిలుస్తుంది.

కారణం తెలియడానికి చాలా కాలం పట్టింది. జావాలో క్రిస్టియాన్ ఎయిక్‌మన్ 1890లలో తెల్లబియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు చచ్చుబడి పడిపోవడం, తవుడు పెడితే కోలుకోవడం గమనించాడు. తవుడులోని ఆ పదార్థమే తర్వాత విటమిన్ బి1 లేదా థయమిన్ అనిపించుకుంది. ముడిబియ్యంలో 100 గ్రాములకు దాదాపు 0.4 మిల్లీగ్రాములుండే ఈ పదార్థం బాగా తెల్లబరచిన బియ్యంలో 0.1కి లోపే మిగులుతుంది. దాని నిర్మాణాన్ని తేల్చి 1936లో ప్రయోగశాలలో తయారు చేసిన రాబర్ట్ విలియమ్స్, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులకు 1886లో నెల్లూరులో పుట్టినవాడన్నది తెలుగు పాఠకులకు అంతగా తెలియని సంగతి. అంతకుముందే, 1918లో, రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరుల్లోని కూనూరు పాశ్చర్ సంస్థలో ఒకే ఒక గదిలో బెరిబెరి విచారణ విభాగాన్ని మొదలుపెట్టాడు. అది 1928లో పోషకాహార పరిశోధనశాలలుగా పెరిగింది, 1958లో హైదరాబాదుకు తరలింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఇవాళ దేశమంతటి తిండికి ప్రమాణాలు నిర్ణయించే ఆ సంస్థ పుట్టింది బియ్యం తెచ్చిన ఈ జబ్బును అర్థం చేసుకోవడానికే.

కూనూరులో మెక్‌కారిసన్ తర్వాత బాధ్యత తీసుకున్న వాలెస్ ఆక్రాయిడ్, అతని సహచరులు 1930లలో వేసిన ప్రశ్న సూటిది: అరవ జిల్లాల్లోనూ జనం మర బియ్యమే తింటున్నారు, అక్కడ లేని బెరిబెరి సర్కారు జిల్లాల్లో ఎందుకు ఉంది? జవాబు వడ్లను మరకు పంపే ముందు జరిగే పనిలో దొరికింది. అరవ ప్రాంతంలో వడ్లను నానబెట్టి ఉడికించి ఆరబెట్టాక మర పడతారు. ఇలా తీసిన బియ్యాన్ని తెలుగులో ఉప్పుడు బియ్యం అంటారు. ఉడికేటప్పుడు పై పొరలోని బి1 గింజ లోపలికి ఇంకిపోతుంది గనుక మర ఎంత ఒరిసినా కొంత మిగులుతుంది. కోస్తా తెలుగువారు పచ్చి బియ్యాన్నే, అంటే ఉడికించని వడ్ల నుంచి తీసిన బియ్యాన్నే ఇష్టపడ్డారు. ఉప్పుడు బియ్యపు వాసన వారికి ఇప్పటికీ సయించదు. రుచిలోని ఈ చిన్న పట్టింపు రోకలి కాలంలో ఏ హానీ చేయలేదు, మర వచ్చాక ప్రాణాంతకమైంది. అందులోనూ బాలింతలకు కూరా పప్పూ తగ్గించి పెట్టే పత్యం తోడవడంతో తల్లిపాలలో బి1 కరువై, నెలల పసివాళ్ళు హఠాత్తుగా గుండె ఆగి పోయేవారు; మద్రాసు రాష్ట్రంలోని బెరిబెరి ప్రాంతంలో శిశు మరణాల మీద ఆక్రాయిడ్, కృష్ణన్ 1941లో ప్రచురించిన పరిశోధన ఈ దుఃఖాన్ని లెక్కల్లోకి తెచ్చింది.

వంట పద్ధతికీ ఇందులో పాలుంది. బి1 నీటిలో కరిగేది. బియ్యాన్ని రెండు మూడు నీళ్ళు కడిగితే కొంత పోతుంది, ఎసరు ఎక్కువ పోసి ఉడికాక గంజి వారిస్తే మరికొంత పోతుంది. అన్నం పొడిపొడిగా ఉండాలంటే గంజి వార్చాలన్నది కోస్తా వంటకు పాత నియమం. నీరు సరిపడా కొలిచి పోసి అంతా గింజలోనే ఇంకేట్టు వండే అత్తెసరు పద్ధతి తెలిసినా, హడావిడి వంటగానో కొద్దిమందికి సరిపెట్టే వంటగానో దాన్ని తక్కువగా చూశారు. వార్చిన గంజి వృథా అయ్యేది కాదు. దాన్ని ఉప్పేసుకుని తాగినవారూ, కుండలో పులియబెట్టి తరవాణి చేసుకుని పొద్దున్నే చద్దన్నంలోకి పోసుకున్నవారూ పోయిన సారాన్ని తిరిగి కడుపులోకి తెచ్చుకున్నారు. వాళ్ళు ఎక్కువగా పేదలు. గంజి ఎవరికి చేరిందన్న దాన్ని బట్టి ఒకే కుండ అన్నం ఇద్దరికి రెండు రకాల తిండి అయింది. 1959 ప్రాంతంలో దేశంలోనే తయారు కావడం మొదలైన ప్రెషర్ కుక్కర్లు పట్టణాల్లో గంజి వార్చే అలవాటును పోగొట్టి, ఎవరూ తలపెట్టకుండానే అత్తెసరును తిరిగి నిలబెట్టాయి.

మరకు ఎదురు నిలిచిన ప్రయత్నం ఒకటి ఉంది. గాంధీ 1934 డిసెంబరులో స్థాపించిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం తన పనుల్లో దంపుడు బియ్యానికి ముందు వరసలో చోటిచ్చింది; ఆరోగ్యం ఒక కారణం, కూలి పోయిన ఆడవారి బతుకు రెండో కారణం. స్వాతంత్ర్యం తర్వాత 1958లో కేంద్రం చేసిన బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం కొత్త మర పెట్టడానికి అనుమతిని తప్పనిసరి చేస్తూ, చేతిదంపు మీద దాని ప్రభావాన్ని కూడా తూచి చూడమంది. కాగితం మీద గట్టిగానే ఉన్న ఈ రక్షణ నిలవకపోవడానికి కారణం అధికారుల అలసత్వం ఒక్కటే కాదు. దంచే స్త్రీలలో చాలామంది తమ ఇంట్లో దంపు కొనసాగాలని కోరుకోలేదు. బరువు మోసినవారికి మర విడుదల, కూలి పోయినవారికి మర దెబ్బ, ఈ ఇద్దరూ తరచు ఒకే ఊరి వేర్వేరు వీధుల మనుషులు. గాంధేయుల వాదం రెండో వీధిని సరిగానే చూసింది గానీ మొదటి వీధి అలసటకు జవాబు చెప్పలేదు.

మెట్ట ప్రాంతాల చరిత్ర వేరే దారిన నడిచింది. తెలంగాణలో, రాయలసీమలో, పల్నాటిలో రోజువారీ తిండి జొన్న, సజ్జ, రాగి, కొర్ర; రాగిని, జొన్నను పిండి చేసి సంకటి కెలకడానికో రొట్టె చరచడానికో తిరగలి కావాలి, తెలంగాణ పలుకుబడిలో ఇసుర్రాయి. కింది రాయి మధ్యలో పాతిన మొల మీద పై రాయి తిరుగుతుంది. పై రాతి కంట్లో గుప్పెడు గుప్పెడుగా గింజ పోస్తూ పిడి పట్టుకుని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తెల్లవారుజామున విసిరేవారు. రాళ్ళు అరిగి నునుపెక్కితే ఉలితో మళ్ళీ గరుకు చేయాలి. దీన్ని కక్కు కొట్టడం అంటారు. రోళ్ళూ తిరగళ్ళూ చెక్కి అమ్మిన వడ్డెరల వంటి రాతిపనివారికి ఈ మరమ్మతు కూడా ఏడాది పొడుగునా జీవనోపాధి. ఇక్కడ పిండిమర నెమ్మదిగా వచ్చింది, వచ్చినా గింజలోని సారాన్ని పెద్దగా మార్చలేదు, ఎందుకంటే రాగినీ జొన్ననూ పొట్టు తీయకుండా మొత్తంగా పిండి పడతారు. ఇక్కడి పెద్ద మార్పు యంత్రం వల్ల రాలేదు. బోరుబావుల వరి వల్ల, 1983లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం వల్ల తిండి గింజే మారిపోయింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తక్కువ చేయనక్కర్లేదు గానీ, తిరగలిని మూలన పెట్టించడంలో దాని పాత్ర కరెంటుకు తీసిపోదు.

తడిపిండి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పప్పూ బియ్యమూ రుబ్బే రుబ్బురోలు, పచ్చళ్ళు నూరే సన్నికల్లూ దాని మీద దొర్లించే పొత్రం అన్నిటికన్నా ఆలస్యంగా ఇల్లు విడిచాయి. 1955 ప్రాంతంలో కోయంబత్తూరులో రూపొందిన విద్యుత్ గ్రైండరు రాతిని రాతిగానే ఉంచి తిప్పే పనిని మోటారుకు అప్పగించింది. 1960లలో వచ్చిన మిక్సీ రాతినే తీసేసి బ్లేడు పెట్టింది. అమెరికా వెళ్ళే తెలుగువారి కోసం 110 వోల్టుల మిక్సీలు విడిగా అమ్ముడుపోయేంతగా ఈ సాధనం ఇంటి గుర్తింపైంది. ఎండు కారం దంపు మాత్రం ఆవకాయల కాలంలో రోకలికి చివరి ఆశ్రయంగా మిగిలింది, ఆ మిరపకాయ పోర్చుగీసుల తర్వాత ఇక్కడికి వచ్చిన పంటే అయినా. పెళ్ళిళ్ళలో రోలూ రోకలికి పసుపు కుంకుమ పెట్టి పసుపు కొమ్ములు దంచడం, వధువు చేత సన్నికల్లు తొక్కించడం ఇంకా సాగుతున్నాయి. వాటి కోసం చాలా ఇళ్ళలో రోకలిని అరువు తెస్తున్నారు.

నగరాల దుకాణాల్లో ఇప్పుడు దంపుడు బియ్యం పేరుతో దొరికేది ఎక్కువగా రబ్బరు రోలర్ల మరలో పొట్టు మాత్రమే తీసిన ముడిబియ్యం. దాని ధర తెల్లబియ్యం కన్నా ఎక్కువ. ఆధునిక మరలు ఊక నుంచి తవుడును శుభ్రంగా వేరు చేయగలుగుతున్నాయి గనుక ఆ తవుడు నూనె కర్మాగారాలకు చేరి, సీసాల్లో వంటనూనెగా తిరిగి వంటింటికే వస్తోంది. చౌక దుకాణాల బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపిన గింజలను చేర్చాలని కేంద్రం 2021లో ప్రకటించాక, బియ్యం పిండితోనే అచ్చు పోసి చేసిన ఆ గింజలు మామూలు వాటితో కలిపి పంపిణీ అయ్యాయి. బి1 ఆ తప్పనిసరి జాబితాలో లేదు. రంగులోనూ బరువులోనూ కొద్దిగా తేడాగా కనిపించే ఆ గింజలను చూసి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొన్ని ఊళ్ళ జనం ప్లాస్టిక్ బియ్యమని అనుమానించి, చేటలో పోసి ఏరి పారేశారు. అవి బియ్యమేనని అధికారులు ఊరూరా చెప్పవలసి వచ్చింది.